బొంత మీద పసుపు మరక

"చెప్పిందెవరో తేలేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు," అన్నాడు బ్రహ్మయ్య.

అని ఊరుకోలేదు. తనే వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపేసి వచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వంటింట్లో అడుగుపెట్టడం సుబ్బరత్నమ్మ చూడటం అదే మొదటిసారి. ఎటు తిప్పాలో తెలియక కాసేపు తంటాలు కూడా పడ్డాడు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ పూట ఆ ఇంట్లో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

"బుధవారం మధ్యాన్నం ఇదే హాల్లో కూసోని మాట్టాడుకున్నాం. బయట పురుగు లేదు. మరి ఆ మాట సాయిబుల బజారుకి ఎట్టా పోయింది? కాళ్ళొచ్చినయ్యా దానికి?"

పెద్దకొడుకు వంశీ గోళ్ళు చూసుకున్నాడు. చిన్నకొడుకు శ్రీకాంత్ ఫోన్ చూసుకున్నాడు. కోడలు మానస ఏడో నెల కడుపుతో వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

నిన్న శుక్రవారం జరిగిన భాగోతం ఊరంతా చూసింది. బ్రహ్మయ్య చేను పక్కన కంపచెట్లు మొలిచిన జాగా ఒకటుంది. ఆయన లెక్కలో అది ఖాళీ స్థలం. చదును చేసి కలుపుకుంటే, కట్టబోయే కోల్డ్ స్టోరేజీకి మిరపకాయల లారీలు తిరిగే దారి పడుతుంది. సాయిబుల లెక్కలో అది తమ వాళ్ళని పూడ్చుకున్న చోటు. రాళ్ళూ గోడలూ కట్టించుకోలేని వాళ్ళ సమాధులు కాబట్టి పైకి కనిపించేది కంప మాత్రమే. మగవాళ్ళంతా నమాజులో ఉన్న వేళ చూసి జేసీబీ తోలించాలని బ్రహ్మయ్య పథకం వేశాడు. తీరా జేసీబీ వెళ్ళేసరికి ఆ బజారు ఆడవాళ్ళు కంప మధ్యలో బారుగా కూర్చుని తీరిగ్గా బొంతలు కుట్టుకుంటున్నారు. డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, ఆ తర్వాత బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి నడికుడి నుంచి మాచర్ల దాకా ఆ వీడియో చూడని ఫోన్ లేదు.

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. అలాంటి వేళ ఆడవాళ్ళ చేతి సూదులకి భయపడి బ్రహ్మయ్య జేసీబీ వెనక్కి పోయిందని టీ బంకుల దగ్గర నవ్వుకుంటున్నారు. ఆయనకి రాత్రి కంటిమీద కునుకు లేకపోవడంలో వింతేముంది!

"ఆ రోజు ఉన్నది ఎవరెవరం?" బ్రహ్మయ్య చెయ్యి చాపి వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. "నేను. మీయమ్మ. పెద్దోడు. చిన్నోడు. నా బామ్మర్ది నరసింహారావు." చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తాడు. "టీలంటా, మంచినీళ్ళంటా లోపలికీ బయటికీ తిరిగిన కోడలు."

ఆ వేలు ముడవలేదు. అది మానస వైపే ఉండిపోయింది.

"ఇంకెవరన్నా ఉన్నారా? ఉంటే చెప్పండి."

"ఎవరున్నారు, మనమేగా," అంది సుబ్బరత్నమ్మ.

కిటికీ కింద చాప మీద కూర్చున్న హజ్రా బీ దారం కొస పంటితో కొరికి సూదిలోకి ఎక్కించుకుంది.

చదువుతున్న మీకైనా ఆవిడ కనిపించింది కదా, సంతోషం. పుట్టబోయే బిడ్డకి నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరలతో బొంతలు కుట్టించడం ఆ ఇంటి ఆనవాయితీ. మొదలుపెట్టిన బొంత పూర్తయ్యేదాకా గడప దాటకూడదు. అందుకని కుట్టే మనిషే ఇంటికి రావాలి. వంశీకీ శ్రీకాంత్‌కీ పురిటి బొంతలు కుట్టింది కూడా ఈమే, ఈ కిటికీ కిందే. శుక్రవారం మాత్రం రాదు. పొయ్యి ఆరిన ఈ శనివారం కూడా రోజూ వచ్చినట్టే వచ్చింది. చెప్పులు గేటు బయట వదిలింది. "వస్తన్నానమ్మా," అంది. ఎవరూ పలకలేదు. ఆ ఇంట్లో అది మామూలే గనక ఆమె చాప పరుచుకుని కూర్చుంది.

వీధిలో హారన్ మోగింది.

"గేటు తియ్యండెవరన్నా," అన్నాడు బ్రహ్మయ్య, ఎవరివైపూ చూడకుండా.

హజ్రా బీ బొంత పక్కన పెట్టి వెళ్ళి గేటు తీసింది. నరసింహారావు బుల్లెట్ దిగి, ఆమె పక్కనుంచే లోపలికి వచ్చేశాడు. ఆమె గేటు వేసి వచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది.

"తేలిందా బావా?"

"తేలుద్ది. ఇయ్యాల తేలకపోతే నేను బ్రహ్మయ్యని కాదు."

"తేలేదానికి ఇంత ఆలోచనెందుకు? ఫోన్లు పెట్టించు. ఎవురెవురికి చేశారో అదే చెప్పుద్ది."

ఆ సలహా బ్రహ్మయ్యకి నచ్చింది. తాంబూలాలు అందుకునే ఇత్తడి పళ్ళెం తెప్పించాడు. వంశీ పెట్టాడు. శ్రీకాంత్ కాసేపు ఆలోచించి పెట్టాడు. సుబ్బరత్నమ్మ తన ఫోన్ పెడుతూ, "నాది చూసేదానికేముంది, మా అక్కతో తప్ప మాట్టాడను," అంది. మానస గుమ్మం దగ్గర నుంచి వచ్చి తన ఫోన్ కూడా పెట్టింది.

నరసింహారావు ముందుగా ఆమె ఫోనే అందుకున్నాడు.

"బుధవారం సాయంత్రం వాళ్ళ నాన్నకి కాల్. గురువారం ఇంకోటి. శుక్రవారం పొద్దున్నే ఇంకోటి." ఒక్కోటీ గట్టిగా చదివాడు. "మీ వియ్యంకుడు అచ్చంపేటలో ఏ పార్టీవాళ్ళ వెనకాల తిరుగుతున్నాడో నీకు తెలియంది కాదు బావా."

"రోజూ చేస్తా బాబాయ్. కింద చూడండి, ఇంకా ఉంటయ్," అంది మానస.

"చూశారా నోరు!" అంది సుబ్బరత్నమ్మ.

శ్రీకాంత్ ఫోన్‌లో 'ముబారక్ మెకానిక్' అని కనిపించింది. మళ్ళీ గొడవ. బండి క్లచ్ ప్లేట్లు పోయాయని అతను, ఏ క్లచ్ ప్లేట్లురా అని తండ్రి. "సాయిబుల బజారోడితో నీకు ఫోన్లేందిరా?" "గురజాలలో నా బండి అంతా వాడే చూస్తాడు నాన్నా, ఇంకెవడికి చెయ్యమంటావ్?" అంటూ ఇద్దరూ అరుచుకుంటూ ఉండగా ఇంకో ఫోన్ మోగింది.

అది పళ్ళెంలో లేదు. అందరూ పళ్ళెంలోకి చూశారు.

హజ్రా బీ గుడ్డసంచిలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. "ఆఁ, ముబారక్. లేదు నాయనా, ఇంకా తేల్లా. ఫోన్లు చూస్తన్నారు. సాయంత్రానికి వస్తాలే." పెట్టేసింది.

"ఎవరిదా ఫోను?" అన్నాడు బ్రహ్మయ్య.

"నాదయ్యా. మావాడు."

"ఆ సరే," అని బ్రహ్మయ్య మళ్ళీ శ్రీకాంత్ వైపు తిరిగాడు. "చెప్పరా, ఏ క్లచ్ ప్లేట్లు?"

మానసకి హజ్రా బీ వైపు చూడాలనిపించింది. చూస్తే ఎవరైనా తన చూపు వెంట వెళ్తారేమోనని నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

నరసింహారావు నిన్నటి వీడియో మళ్ళీ పెట్టాడు. నిన్నటి నుంచి ఎన్నోసారో. కొంగులు తలమీదుగా కప్పుకున్న ఆడవాళ్ళు, కంపమీద ఆరేసిన రంగు రంగుల బొంతలు, అన్నిటికన్నా ముందు జేసీబీ వైపు వీపు పెట్టి కూర్చున్న ఒక మనిషి.

"ఈ ఆడోళ్ళని వదిలెయ్యి. వీళ్ళకేం తెలుసు? వీళ్ళని తెచ్చి కూసోబెట్టిన మగాడెవడో అది చూడు," అన్నాడు బ్రహ్మయ్య కళ్ళజోడు సర్దుకుని.

నలుగురు మగవాళ్ళూ ఆ బొమ్మలో లేని మగవాడికోసం చాలాసేపు వెతికారు. ముందు కూర్చున్న మనిషి దారం లాగినప్పుడు మోచెయ్యి చెవి దాకా లేవడం మానస గుమ్మం దగ్గర నుంచే చూసింది. అదే మోచెయ్యి ఇప్పుడు కిటికీ కింద లేస్తూ, దిగుతూ ఉంది.

*

వంశీ మానసని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నిజం చెప్పు మానసా. మీ నాన్నతో ఏం మాట్లాడావ్?"

"కాళ్ళు వాస్తున్నయ్యని చెప్పా."

"అంతేనా?"

"వినే తీరికుంటే మీకే చెప్పేదాన్ని."

అతను మంచం అంచున కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు వంశీ. తండ్రి ముందు నిలబడి ఒక్క మాట అనాల్సి వచ్చినప్పుడు మాత్రం అతని నోరు ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

"నాన్న మీ నాన్నకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి కారేసుకుని వస్తాడంట. పెట్టె సర్దుకో."

"పురిటికి ఇంకా టైముందిగా?"

"పురిటికని కాదు..."

"మరి దేనికి?"

అతను దుప్పటి ముడతలు సరిచేశాడు.

"మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారు?"

వంశీ లేచి ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గరికి వెళ్ళి, తిరుగుతున్న ఫ్యాన్‌ని ఇంకో పాయింటు పెంచాడు. మానసకి జవాబు తెలిసిపోయింది. బిడ్డ పుట్టాక పేచీ. పేచీ అయ్యాక పెద్దమనుషులు. ఈ ఇంటి కోడలిగా ఆమె కాపురం ఈ సాయంత్రంతో ఆఖరు.

"మీరు నమ్ముతున్నారా నేను చెప్పానని?" అని అడిగింది.

"నేను నమ్మడం సంగతి కాదు ఇక్కడ. ఎవరో ఒకళ్ళు చెప్పారుగా! గోడలు చెప్తయ్యా?"

అతను వెళ్ళిపోయాక ఆమె అలాగే నిలబడింది.

బుధవారం సంగతి కళ్ళముందు తిరుగుతోంది. మామయ్య "శుక్రవారం, నమాజు టైంలో" అన్నప్పుడు ఆమె టీ గ్లాసులు తీస్తోంది. కిటికీ కింద హజ్రా బీ సూది ఆగింది. కళ్ళు మూసుకుని కుట్టగల మనిషికి సూది వేల్లో దిగబడింది. చంటిబిడ్డ బొంత మీద నెత్తురు చుక్క. మానస పరిగెత్తుకెళ్ళి చిటికెడు పసుపు తెచ్చి ఆ వేలికి అద్దింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్క మాట అనుకోలేదు. పక్కనే కూర్చున్న మగవాళ్ళు డీజిల్ ఎవరు పోయించాలని మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఒక్క పేరు చెబితే చాలు, తను బయటపడుతుంది. కానీ చెబితే నరసింహారావు మనుషులు ఆ బజారు మీదకి వెళ్తారు. మాట్లాడటానికి వెళ్ళే మనుషులు కారు వాళ్ళు. అది తలుచుకుంటే నోరు పెగలదు. ఇంకోవైపు మనసులో పాడు అనుమానం. పొద్దుటినుంచి తన మీద పడుతున్న మాటలన్నీ వింటూ కూడా హజ్రా బీ దారం లాగుతూనే ఉంది. నన్ను బలిపెట్టి తను తప్పుకుందామనా? పసుపు అద్దిన చెయ్యి అని కూడా లేదా?

*

మధ్యాహ్నం మగవాళ్ళు ముగ్గురూ, వాళ్ళతో పాటు నరసింహారావు గురజాల హోటల్‌కి భోజనానికి వెళ్ళారు. బ్రహ్మయ్య శపథం పొయ్యి గురించే గానీ హోటల్ గురించి కాదుగా. సుబ్బరత్నమ్మ శనివారం ఒక్కపొద్దని గదిలో పడుకుంది.

మానస హాల్లోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. హజ్రా బీ తలెత్తకుండానే టిఫిన్ డబ్బా ఇటు జరిపింది. జొన్నరొట్టె, గోంగూర.

"తిను తల్లీ. లోపలోడికి ఆకలేసుద్ది."

"అత్తయ్య చూస్తే?"

"చూడదులే. నా దగ్గరుండేదేదీ ఈ ఇంట్లో ఎవరికీ కనపడదు."

మానస నేలమీద చతికిలబడింది. రొట్టె తుంచింది. రెండు ముద్దలు తినేదాకా మాట్లాడలేకపోయింది, అంత ఆకలిగా ఉంది.

"నువ్వేగా పిన్నీ?"

"అడిగేదేముంది. చూసినదానివేగా."

"మరి వాళ్ళంతా నన్నంటుంటే నోరెత్తవేం?"

హజ్రా బీ సూది ఆపింది. "నువ్వు చెప్పేస్తావేమోనని చూస్తన్నా. చెప్తే చెప్పనీ, చిన్నపిల్ల, కడుపుతో ఉంది అనుకున్నా. నువ్వెందుకు చెప్పలా?"

"నువ్వు చెప్తావేమోనని నేను చూస్తున్నా."

రోజంతా ఒకళ్ళనొకళ్ళు దొంగల్లా కనిపెట్టుకున్నందుకు మానసకి సిగ్గేసింది.

"మా ఆయన్ని ఆడే పెట్టాం," అంది హజ్రా బీ. "రాయి పెట్టించే తాహతు లేక తలకాడ సబ్జా మొక్క నాటా. ఎండాకాలం కూడా బిందెతో నీళ్ళు మోస్తా. మీ మామయ్యకి అది కంప. బుధవారం నా ఎదురుగ్గా కూసోని 'ఆడేముంది, ఏం లేదు' అన్నాడమ్మా. ఆ మాట మధ్యలోనే మీ అత్తయ్య నావైపు తిరిగి 'అంచు కుట్టు దగ్గరగా పడాల హజ్రా' అన్నది. ఆమెకి నా చేతులు కనపడినయ్. చెవులు కనపళ్ళా."

దారం ముడివేసి పంటితో కొరికింది.

"నేనెవరి కొంపా కూల్చలా తల్లీ. మా బజారుకి పోయి మా ఆడోళ్ళకి చెప్పుకుని ఏడిశా. అంతే. వీళ్ళ మాదిరే మా మగోళ్ళకీ మేం కూసోబోతన్నామని తెలీదు."

"ఇప్పుడేం చేస్తావ్? సాయంత్రం మా నాన్న వస్తన్నాడు."

"విన్నా. అన్నీ వింటానే ఉన్నాగా." హజ్రా బీ బొంత తిప్పి మిగిలిన అంచు చూసుకుంది. "ఇదొక్కటి అయిపోనీ. మొదలుపెట్టింది మధ్యలో ఆపితే బిడ్డకి మంచిది కాదు."

"వద్దు పిన్నీ. నీ పేరు బయటికొస్తే మీ బజారు మీద పడతారు."

"నీ కాపురం తీసుకెళ్ళి మా సమాధుల్లో పూడ్చమంటావా?"

లోపల మంచం కిర్రుమంది. మానస డబ్బా మూత పెట్టి గబగబా లేచింది.

*

పొద్దు వాలింది. మానస పెట్టె హాల్లోకి వచ్చింది. శ్రీకాంత్ దాన్ని చూసి, "ఇదేం పని నాన్నా?" అన్నాడు. "నువ్వు ముయ్యి, ముందు నీ క్లచ్ ప్లేట్ల సంగతి తేలనీ," అన్నాడు తండ్రి. వంశీ తల్లి వెనక నిలబడ్డాడు.

"ఆఖరిసారి అడుగుతున్నా అమ్మాయ్," అన్నాడు బ్రహ్మయ్య. "చెప్పింది నువ్వే అని ఒప్పుకుంటే అదో దారి. లేదంటే మీ నాన్న ముందర అడుగుతా."

మానస నోరు తెరిచింది. ఆమె కంటే ముందు కిటికీ వైపు నుంచి మాట వచ్చింది.

"అయ్యా, బొంత అయిపోయింది."

"ఆఁ ఆఁ, ఆడ పెట్టు."

హజ్రా బీ బొంత మడిచి టీపాయ్ మీద పెట్టింది. వెళ్ళిపోలేదు.

"మా బజారులో చెప్పింది నేనయ్యా."

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకోవడానికి బ్రహ్మయ్యకి కాస్త టైం పట్టింది. "ఏం చెప్పావ్?"

"జేసీబీ వస్తందని."

"నీకెవరు చెప్పారు?"

"మీరే."

"నేనా!"

"మీరే చెప్పారయ్యా. ఇదే కుర్చీలో కూసోని."

"నువ్వు యాడున్నావ్ అప్పుడు?"

"ఈడనే."

"ఈడంటే యాడ?"

"ఈ కిటికీ కింద. వంశీ బాబు బొంత కుట్టింది కూడా ఈడనేగా."

బ్రహ్మయ్య కిటికీ వైపు చూశాడు. చాప వైపు చూశాడు. భార్యని అడిగాడు, "ఉందా ఇది?" సుబ్బరత్నమ్మ కొంగు సవరించుకుంది.

నరసింహారావు ముందు తేరుకున్నాడు. "అబద్ధం బావా! ఇదెక్కడుంది ఆ రోజు? నేను చూళ్ళేదే! కోడల్ని తప్పించడానికి నేర్పి చెప్పిస్తన్నారు. మధ్యాన్నం మనం లేనప్పుడే జరిగింది ఈ బాగోతం."

ఒప్పుకున్నా నమ్మకపోతే ఏం చెయ్యాలి మనిషి? హజ్రా బీ చిన్నగా నవ్వింది. కొంగు తలమీదుగా కప్పుకుని, వాళ్ళవైపు వీపు పెట్టి, నేలమీద కూర్చుంది.

"మీ ఫోన్లో బొమ్మ పెట్టి చూసుకోండి నరసింహారావు గారూ. ముందర కూసుంది ఎవరో."

శ్రీకాంత్ పళ్ళెంలోంచి ఫోన్ అందుకుని వీడియో పెట్టాడు. ఫోన్ చూశాడు, మనిషిని చూశాడు. ఫోన్ తండ్రికి ఇచ్చాడు. బ్రహ్మయ్య చాలాసేపు చూశాడు.

"సరే. ఒక్కటి చెప్పు," అన్నాడు చివరికి. గొంతు బాగా తగ్గింది. అరుస్తున్నప్పటికంటే అదే భయంగా ఉంది. "నువ్వు వింటన్నావని మా కోడలికి తెలుసా?"

హజ్రా బీ లేచి నిలబడింది. మానస వైపు చూడలేదు.

"ఈ పిల్లకేం తెలుసయ్యా. నావైపు తిరగనన్నా తిరగలా. మీ అందరి మాదిరే."

వంశీ గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా నాన్నా, నేను చెప్పలా?" అన్నాడు. అతను ఏమీ చెప్పలేదు గానీ, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మానస పెట్టె తీసి పక్కన పెట్టబోయాడు.

"ఆగరా," అంది సుబ్బరత్నమ్మ.

ఆవిడ బొంత విప్పి చూస్తోంది. తన చీరే, పెళ్ళైన కొత్తలో కట్టిన నేతచీర. నీలం అంచు పక్కన చిన్న గోధుమరంగు చుక్క, దాని చుట్టూ ఉతికినా పోని పసుపు.

"ఇదేంది హజ్రా?"

"వేలికి సూది దిగిందమ్మా."

"ఎప్పుడు?"

హజ్రా బీ తడబడింది. "ఆ రోజే."

"నీకు సూది దిగడమా!" సుబ్బరత్నమ్మ మరక మీద బొటనవేలు రాసింది. "పసుపు డబ్బా వంటింట్లో పైఅరలో ఉంటది. నువ్వు మా వంటింటి గడప ఏనాడూ తొక్కలా. నేనే తొక్కనియ్యలా. మరి నీకు పసుపెవరు తెచ్చిచ్చారు?"

హజ్రా బీ ఆ వేలిని కొంగులో దాచుకుంది. ఇన్నేళ్ళూ ఆమెని దూరంగా ఉంచిన ఆ గడపే ఇప్పుడు సాక్ష్యం చెప్పింది.

"ఏమే అమ్మాయ్," అంది సుబ్బరత్నమ్మ, కోడలివైపు తిరగకుండానే.

వంశీ మానస భుజం పట్టుకున్నాడు. "నువ్వు కాదని చెప్పు. అమ్మా, ఇది చూళ్ళేదు. హజ్రా చెప్పిందిగా చూళ్ళేదని! మానసా, చెప్పవే. ఒక్క మాట."

హజ్రా బీ కూడా ఆమెవైపే చూస్తోంది. చెప్పు తల్లీ అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. చూళ్ళేదు అంటే చాలు. పెట్టె లోపలికి వెళ్తుంది, పొయ్యి వెలుగుతుంది, బిడ్డ ఈ ఇంట్లోనే ఈ బొంతలోనే పడుకుంటుంది. ఈ ఇంట్లో అందరూ చూడని మనిషిని తను కూడా చూడలేదని చెప్పాలి, అంతే. ఎవరికీ అనుమానం కూడా రాదు.

మానస భర్త చెయ్యి భుజం మీదనుంచి తీసేసింది.

"నేనే ఇచ్చా అత్తయ్యా. మామయ్య శుక్రవారం అన్నప్పుడు పిన్నికి సూది దిగింది. నేను చూశా. ఆమె విన్నదని నాకు ఆ క్షణమే తెలుసు."

"తెలిసీ మాకు చెప్పలా?" అన్నాడు బ్రహ్మయ్య.

"చెప్పలా మామయ్యా."

వీధిలో కారు హారన్ మోగింది. అచ్చంపేట నుంచి మానస తండ్రి వచ్చేశాడు.

"గేటు తియ్యండెవరన్నా," అన్నాడు బ్రహ్మయ్య అలవాటుగా.

హజ్రా బీ కూడా అలవాటుగానే ఒక అడుగు వేసింది. వేసి ఆగిపోయింది. వెనక్కి వచ్చి మానస పక్కన నిలబడింది.

హారన్ మళ్ళీ మోగింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు బ్రహ్మయ్య తలతిప్పి హజ్రా బీని చూశాడు. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, తలమీద కొంగు దగ్గర్నుంచి కాళ్ళ దాకా, మళ్ళీ మరిచిపోకుండా గుర్తుపెట్టుకునేటట్టు చూశాడు. ఆ తర్వాత నరసింహారావు వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఈమె ఇల్లు ఆ బజారులో ఎన్నోది?"